సి4 అడుగంటి, సి3 నిలబడినప్పుడు: ఒక క్రయోగ్లోబ్యులినిమియా కేసు

కాంప్లిమెంట్ అంటే రక్తంలో ఒకదాన్నొకటి ఉత్తేజపరుస్తూ రోగనిరోధానికి తోడ్పడే ప్రొటీన్‌ల వరుస. దాని పరీక్షల నివేదికలో సి3, సి4 అనే రెండు ప్రొటీన్‌ల విలువలు పక్కపక్కనే అచ్చవుతాయి కాబట్టి వాటిని ఒకే సంగతికి రెండు సాక్ష్యాలుగా చదివే అలవాటు మనలో చాలామందికి ఉంది. రెండూ తగ్గితే లూపస్ అనీ, సి3 తగ్గకపోతే ఇమ్యూన్ కాంప్లెక్స్‌ల (ప్రతిజనకం, ప్రతిరక్షకం కలిసి కట్టుకున్న ముద్దల) జబ్బు కాదనీ అనుకోవడం మామూలే. ఇక్కడ వివరిస్తున్నది క్రయోగ్లోబ్యులినిమియా కేసు, అంటే చల్లబడితే అవక్షేపమై వెచ్చబడితే తిరిగి కరిగే ప్రతిరక్షకాలు (క్రయోగ్లోబ్యులిన్‌లు) రక్తంలో ఉండే జబ్బు. ఈ కేసులో ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే రోగనిర్ధారణకు దారి చూపింది. ఏ మందును ఏ మోతాదులో ఇవ్వాలన్న నిర్ణయంలోనూ ఆ దూరానికి కారణమైన ప్రక్రియనే లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

రోగి వచ్చిన తీరు

రోగి 54 ఏళ్ల మహిళ. ఏడు నెలలుగా ఆమె పిక్కల మీద, చీలమండల చుట్టూ ఊదారంగు మచ్చలు గుంపులుగా వస్తున్నాయి. వేలితో తడిమితే అవి ఉబ్బెత్తుగా తగులుతాయి, నొక్కితే రంగు పోదు, వారం పది రోజుల్లో మానుతూ గోధుమరంగు మరకను వదిలిపెడతాయి. ఎక్కువసేపు నిలబడిన రోజున సాయంత్రానికి కొత్త మచ్చలు పుడతాయని ఆమె స్వయంగా గమనించారు. వీటితోపాటు మణికట్లలో, మోకాళ్లలో నొప్పి, విపరీతమైన నీరసం, అరికాళ్లలో తిమ్మిరి ఉన్నాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఐజిజి ప్రతిరక్షకాన్నే పట్టుకునే ప్రతిరక్షకం) మిల్లీలీటరుకు 412 యూనిట్లు ఉండటంతో అంతకుముందే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌గా భావించి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. కానీ కీళ్లలో వాపు లేదు, ఎక్స్‌రేలో ఎముక అంచులు చెక్కుచెదరలేదు, ఆ జబ్బును సూచించే యాంటీ సిసిపి పరీక్ష నెగటివ్‌గా ఉంది. పర్పురా (ఊదారంగు మచ్చలు), కీళ్ల నొప్పులు, నీరసం అనే ఈ మూడింటి కలయికను మెల్ట్‌జర్, ఫ్రాంక్లిన్ 1966లోనే మిశ్రమ క్రయోగ్లోబ్యులిన్‌లతో ముడిపెట్టి వర్ణించారు.

మా దగ్గరికి పంపడానికి కారణం మాత్రం మూత్రపిండాలు. చివరి నెలలో పాదాలు వాచాయి, మూత్రం నురగగా వస్తోంది, రక్తపోటు 164/98కి చేరింది. క్రియాటినిన్ డెసిలీటరుకు 1.6 మిల్లీగ్రాములు, మూత్రంలో ప్రొటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి గ్రాముకు 2.8 గ్రాములు. మూత్రపు అడుగును సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆకారం చెడిన ఎర్ర రక్తకణాలు, అక్కడక్కడ ఎర్రకణాల కాస్ట్‌లు కనిపించాయి. యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ 1:80 దగ్గర బలహీనంగా పాజిటివ్. లూపస్‌ను సూచించే యాంటీ డిఎస్‌డిఎన్ఏ, చిన్న రక్తనాళాల వాపును సూచించే ఆన్కా రెండూ నెగటివ్.

కాంప్లిమెంట్ విలువలు ఇలా వచ్చాయి: సి3 డెసిలీటరుకు 84 మిల్లీగ్రాములు, అంటే 90 అనే కింది హద్దుకు కొంచెం దిగువన, సి4 కేవలం 2, దాని కింది హద్దు 10, క్లాసికల్ మార్గం మొత్తం పనితనాన్ని కొలిచే సిహెచ్50 కొలవలేనంత తక్కువ. క్రయోగ్లోబ్యులిన్ పరీక్ష బయట ఒక ప్రయోగశాలలో చేయించినప్పుడు నెగటివ్ వచ్చిందని కాగితాల్లో ఉంది.

రెండు అంకెల మధ్య దూరం

ప్రతిజనకానికి అంటుకున్న ప్రతిరక్షకం కాంప్లిమెంట్ క్లాసికల్ మార్గాన్ని ఎలా తెరుస్తుందో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ అంకెలు వాటంతటవే మాట్లాడతాయి. ఈ మార్గంలో మొదటిదైన సి1క్యూ అణువుకు ఆరు గుండ్రని తలలు ఉంటాయి. ఒక్కో తల ఒక ఐజిజి ప్రతిరక్షకపు తోక అయిన ఎఫ్‌సి భాగాన్ని పట్టుకునే బలం చాలా తక్కువ, అందువల్ల రక్తంలో ఒంటరిగా తిరిగే ఐజిజి వల్ల ఏమీ జరగదు. కాంప్లెక్స్‌లో పక్కపక్కన చేరిన అనేక ఎఫ్‌సి భాగాలను ఒకేసారి పట్టుకున్నప్పుడే పట్టు నిలుస్తుంది. ఐజిఎం అనే పెద్ద ప్రతిరక్షకం సంగతి వేరు: ప్రతిజనకానికి అతుక్కుని వంగినప్పుడు ఒకే ఒక ఐజిఎం అణువు సి1క్యూకు చాలినన్ని స్థానాలను బయటపెట్టగలదు. ఆ తరువాత సి1ఆర్, సి1ఎస్ ఉత్తేజితమై సి4ను, సి2ను కోస్తాయి. ఆ ముక్కలైన సి4బి, సి2ఏ కలిసి సి3 కన్వర్టేజ్ అనే ఎంజైముగా మారి సి3ని కోస్తాయి. కాబట్టి ఐజిఎం రుమటాయిడ్ ఫ్యాక్టర్ అదుపు లేకుండా ఐజిజిని కట్టిపడేస్తున్న శరీరంలో మొదట ఖర్చయ్యేది సి4.

సి3 అంతగా ఎందుకు ఖర్చు కాలేదన్నది అసలు ప్రశ్న. మొదటి సంగతి, ప్లాస్మాలో సి3 నిల్వ సి4 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా వాపు ఉన్నప్పుడు కాలేయం రెండింటి తయారీనీ పెంచుతుంది. కనుక నివేదికలో కనిపించే అంకె తయారీలోంచి ఖర్చు పోగా మిగిలినదే తప్ప ఖర్చుకు కొలత కాదు. రెండవది, కాంప్లెక్స్ మీద ఏర్పడిన కన్వర్టేజ్‌ను సి4 బైండింగ్ ప్రొటీన్ విడదీస్తుంది, దాని సాయంతో ఫ్యాక్టర్ ఐ సి4బిని ముక్కలు చేస్తుంది. మూడవది, సి3 తెగితే వచ్చే సి3బి నుంచి పుట్టే ఆల్టర్నేటివ్ (ప్రతిరక్షకం అవసరం లేని) మార్గపు గుణకచక్రాన్ని ఫ్యాక్టర్ హెచ్ అణచి ఉంచుతుంది. అంటే మంట మొదటి మెట్టు దగ్గర విపరీతంగా ఉన్నా రెండో మెట్టు దగ్గర కాపలా ఇంకా పనిచేస్తోందన్నమాట. స్ట్రెప్టోకాకల్ ఇన్ఫెక్షన్ తరువాత వచ్చే గ్లోమెరులోనెఫ్రైటిస్‌లో దీనికి సరిగ్గా తలకిందులైన చిత్రం ఉంటుంది: అక్కడ ఆల్టర్నేటివ్ మార్గమే ప్రధానం కాబట్టి సి3 పడిపోతుంది, సి4 సాధారణంగా నిలబడుతుంది, సి3 మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కోలుకుంటుంది. ఉధృతంగా ఉన్న లూపస్ నెఫ్రైటిస్‌లో తరచుగా రెండూ పడిపోతాయి.

సి4 మాత్రమే అడుగంటడానికి వేరే కారణాలు లేకపోలేదు. సి1 ఇన్హిబిటర్ లోపంలో సి1ఎస్‌ను ఆపేవారు లేక సి4 ద్రవంలోనే ఖర్చైపోతుంది, సి3 చెక్కుచెదరదు. కానీ ఈమెకు పెదవులో గొంతో అకస్మాత్తుగా ఉబ్బిన చరిత్ర ఎన్నడూ లేదు, ఇన్హిబిటర్ పరిమాణం, పనితనం రెండూ సాధారణంగా ఉన్నాయి. సి4 జన్యువుల ప్రతులు తక్కువగా ఉన్నవారిలో పుట్టుకతోనే సి4 తగ్గి ఉండవచ్చు, ఈ విషయానికి తరువాత వస్తాను. కాలేయం చేతగాక తయారీ తగ్గిందా అంటే, ప్రోత్రాంబిన్ సమయం సరిగానే ఉంది, కాలేయపు బిరుసును కొలిచే ఎలాస్టోగ్రఫీలో సిర్రోసిస్ కనిపించలేదు. సి2 లోపంలో సిహెచ్50 సున్నా అవుతుంది కానీ సి3, సి4 రెండూ సాధారణంగా ఉంటాయి.

ఇంకో అనుమానాన్ని కూడా తీర్చుకోవాలి. హెపటైటిస్ సి ఉన్న కొందరిలో రక్తం తీసిన తరువాత సీరం చల్లబడినప్పుడు గొట్టంలోనే కాంప్లిమెంట్ ఉత్తేజితమై సిహెచ్50 పడిపోతుంది. అది శరీరంలో జరిగిన ఖర్చు కాదు. అయితే అలాంటప్పుడు సి4 ప్రొటీన్ పరిమాణం సాధారణంగా నిలిచే ఉంటుంది, కాల్షియాన్ని బంధించే ఈడిటిఏ కలిపిన ప్లాస్మాలో ఆ చర్య జరగదు. వెచ్చగా ఉంచి ఈడిటిఏలో తీసిన నమూనాలోనూ ఈమె సి4 విలువ 3 వచ్చింది. కాబట్టి ఖర్చు రక్తనాళాల్లోనే జరుగుతోందని నిశ్చయించుకున్నాం.

వెచ్చని గొట్టం

పాత నెగటివ్ నివేదికను నేను పక్కన పెట్టాను. ఈ పరీక్షలో తప్పు జరిగేది సాధారణంగా యంత్రం దగ్గర కాదు, రోగి మంచం నుంచి ప్రయోగశాల వరకు ఉన్న నడవాలో. రక్తం మామూలు గొట్టంలో మామూలు పెట్టెలో వెళితే దారిలోనే చల్లబడి, క్రయోగ్లోబ్యులిన్ అవక్షేపమై, గడ్డకట్టిన రక్తంతోపాటు అడుగుకు చేరుతుంది. సెంట్రిఫ్యూజ్ తిప్పాక పైన తేలిన సీరంలో వెతకడానికి ఏమీ మిగలదు. అందుకే సిరంజి, ఖాళీ గొట్టాలు ముందే 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, రక్తం తీసిన వెంటనే అదే ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ల ఫ్లాస్కులో పెట్టి పంపాము. గడ్డకట్టడం, సెంట్రిఫ్యూజ్ రెండూ 37 డిగ్రీల దగ్గరే జరిగాయి. వేరుచేసిన సీరాన్ని రెండు భాగాలు చేసి ఒకటి 4 డిగ్రీల దగ్గర, రెండోది పోలిక కోసం 37 డిగ్రీల దగ్గర ఉంచారు.

మరునాటి ఉదయానికి చల్లని గొట్టం అడుగున పలచటి తెల్లని మబ్బు చేరింది, వెచ్చని గొట్టం తేటగానే ఉంది. చల్లని గొట్టాన్ని నీళ్లలో పెట్టి వెచ్చబెడితే ఆ మబ్బు అంచుల నుంచి కరుగుతూ కొన్ని నిమిషాల్లో కనిపించకుండా పోయింది. ఇలా తిరిగి కరగడం చూడకుండా పాజిటివ్ అని రాయకూడదు, ఎందుకంటే ఫైబ్రిన్ పోగులు కూడా తెల్లగానే కనిపిస్తాయి, కానీ అవి కరగవు. ఏడు రోజుల తరువాత కొలిచిన క్రయోక్రిట్ (సీరంలో ఆ అవక్షేపం వాటా) 4 శాతం. చల్లని సెలైన్‌తో కడిగి ఇమ్యూనోఫిక్సేషన్ (ప్రతిరక్షకాల రకాన్ని గుర్తించే పరీక్ష) చేస్తే మోనోక్లోనల్ (ఒకే బి కణ సమూహం నుంచి వచ్చిన) ఐజిఎం కప్పా, దాంతోపాటు పాలీక్లోనల్ (అనేక సమూహాల నుంచి వచ్చిన) ఐజిజి ఉన్నాయి: 1974లో బ్రూయే బృందం చేసిన వర్గీకరణ ప్రకారం రెండో రకం. హెపటైటిస్ సి యాంటీబాడీ, ఆర్ఎన్ఏ రెండూ పాజిటివ్‌గా వచ్చాయి. మూడు దశాబ్దాల కిందట ప్రసవ సమయంలో రక్తం ఎక్కించారని అప్పుడు అడిగితే చెప్పారు. కాలేయ ఎంజైములు హద్దుల్లోనే ఉండటం వల్ల అంతవరకు వైరస్ గురించి ఎవరికీ ఆలోచన రాలేదు. మెథోట్రెక్సేట్ ఆపేశాము.

కాంప్లిమెంట్ శత్రువా, సేవకుడా

ఇంతవరకు చదివిన వారికి కాంప్లిమెంట్ ఇక్కడ దోషిగా కనిపించవచ్చు. నా అభిప్రాయం దానికి చాలావరకు వ్యతిరేకం. ప్రతి ఇన్ఫెక్షన్‌లోనూ, ఒక్కోసారి భోజనం తరువాత కూడా, ఇమ్యూన్ కాంప్లెక్స్‌లు కొన్ని పుడుతూనే ఉంటాయి. అవి మనల్ని ఏమీ చేయకపోవడానికి ప్రధాన కారణం కాంప్లిమెంటే. సి4బి, సి3బి కాంప్లెక్స్ జాలిలోకి చొచ్చుకుని సమయోజనీయ బంధంతో అతుక్కుంటే ప్రతిరక్షకాల మధ్య ఎఫ్‌సి పట్లు సడలుతాయి, జాలి పెద్దదై అవక్షేపించకుండా ద్రవంలోనే ఉంటుంది. అప్పటికే ఏర్పడిన అవక్షేపాన్ని కూడా కాంప్లిమెంట్ తిరిగి కరిగించగలదని 1975లో మిల్లర్, నుస్సెన్‌జ్వైగ్ చూపించారు. ఆపైన సి3బి పూసిన కాంప్లెక్స్‌ను ఎర్ర రక్తకణం తన సిఆర్1 గ్రాహకంతో పట్టుకుని, రక్తనాళపు గోడకు దూరంగా, సరుకు బండిలా కాలేయానికీ ప్లీహానికీ మోస్తుంది. అక్కడ మాక్రోఫేజ్‌లు సరుకును దించుకుంటాయి, ఎర్ర కణం తిరిగి ప్రసరణలో కలుస్తుంది. ఒక్కో ఎర్ర కణం మీద ఉండే సిఆర్1 అణువులు కొన్ని వందలే అయినా, కణాల సంఖ్య వల్ల రక్తంలోని సిఆర్1లో అత్యధిక భాగం వాటి మీదే ఉంటుంది.

ఈ పని ఎంత ముఖ్యమో పుట్టుకతో లోపాలున్న వారిలో తెలుస్తుంది. సి1క్యూ పూర్తిగా లేనివారిలో పదింట తొమ్మిది మందికి పైగా లూపస్ లాంటి జబ్బు వస్తుంది. కాంప్లిమెంట్ కేవలం హాని చేసేదే అయితే అది లేనివారు ఇమ్యూన్ కాంప్లెక్స్ జబ్బుల నుంచి తప్పించుకోవాలి కదా! మృతకణాల అవశేషాలను తొలగించడంలో సి1క్యూ పాత్ర కూడా ఈ పరిణామానికి కారణమే కాబట్టి మొత్తం లెక్కను కాంప్లెక్స్‌ల రవాణా ఖాతాలోనే వేయలేం. అయినా దిశ స్పష్టమే.

మరి ఈ రోగిలో ఏమి తప్పింది? వైరస్ తొలగిపోదు, ఐజిఎం తయారుచేసే బి కణాల సమూహం ఆగదు, అందువల్ల సరఫరా నిరంతరం. సి4 అడుగంటేసరికి జాలిలోకి చొప్పించడానికి సి4బి చాలదు, తగినంత సి3బి పూత పడదు, ఎర్ర కణం పట్టుకునేందుకు చోటుండదు. తొలగించే యంత్రాంగం ఖర్చైపోయిన దశలో మిగిలిన కాంప్లెక్స్‌లు పీడనం ఎక్కువగా, వేడి తక్కువగా ఉండే కాళ్ల చిన్న రక్తనాళాల్లోనూ, నీటిని వడగట్టే క్రమంలో ప్లాస్మా ప్రొటీన్‌లు చిక్కబడే గ్లోమెరులస్‌లోనూ దిగబడతాయి. అక్కడ పుట్టే సి5ఏ అనే కాంప్లిమెంట్ ముక్క న్యూట్రోఫిల్‌లను రప్పిస్తుంది.

మూత్రపిండంలో కనిపించినది

చర్మం బయాప్సీని పుట్టి ఒకరోజైనా కాని మచ్చ నుంచి తీయించాను, ఎందుకంటే పాత మచ్చలో కణాలు కాంప్లెక్స్‌లను తినేసి ఇమ్యూనోఫ్లోరెసెన్స్ ఖాళీగా రావచ్చు. చిన్న సిరల గోడలో ల్యూకోసైటోక్లాస్టిక్ వాస్కులైటిస్ (న్యూట్రోఫిల్‌లు పగిలి కనిపించే రక్తనాళపు వాపు), ఐజిఎం, సి3 కనిపించాయి. మూత్రపిండం బయాప్సీలో మెంబ్రేనోప్రొలిఫెరేటివ్ ఆకృతి, జోడుగీతలుగా చీలిన కేశనాళికల గోడలు, లోపల గుమిగూడిన మోనోసైట్‌లు, కొన్ని కేశనాళికలను మూసేసిన పిఎఎస్ పాజిటివ్ ముద్దలు ఉన్నాయి. ఆ ముద్దలు గడ్డకట్టిన రక్తం కావు, క్రయోగ్లోబ్యులిన్ అవక్షేపాలు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఎండోథీలియం కింది నిక్షేపాలలో చిన్న గొట్టాల్లాంటి నిర్మాణాలు కనిపించాయి.

ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవలసింది సి3. రక్తంలో దాదాపు సాధారణంగా ఉన్న అదే సి3 గ్లోమెరులస్ గోడల వెంబడి రేణువులుగా గట్టిగా వెలిగింది. సీరంలో సి3 బాగుంది కాబట్టి కణజాలంలో కాంప్లిమెంట్ పాత్ర లేదని రాసే నివేదికలను ఇకనైనా మానుకోవడం మంచిది. అలాగని గాయానికంతటికీ కాంప్లిమెంట్‌నే బాధ్యురాలిని చేయడం కూడా సరికాదు: ఎఫ్‌సి గ్రాహకాల గామా గొలుసు లేని ఎలుకల్లో ఆర్థస్ ప్రతిచర్య (ఇమ్యూన్ కాంప్లెక్స్‌లు చర్మంలో రేపే వాపు) బాగా తగ్గిపోతుందని 1994లో తేలిన తరువాత, కాంప్లెక్స్‌లు కణాలను నేరుగా ఎఫ్‌సి గ్రాహకాల ద్వారా కూడా రెచ్చగొడతాయన్నది కాదనలేని విషయం.

చికిత్స

వైరస్‌కు సోఫోస్‌బువిర్ 400, వెల్పటాస్విర్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు, రక్తపోటుకూ ప్రొటీన్‌కూ లోసార్టాన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మూడు రోజులు, ఆపై క్రమంగా తగ్గించే ప్రెడ్నిసొలోన్ ఇచ్చాము. ఇందులో చర్చకు తావు లేదు. చర్చ జరిగింది బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే ప్రతిరక్షక మందు గురించి.

మూత్రపిండం దెబ్బతింటున్న ఈ దశలో బి కణాలను తగ్గించక తప్పదు. కానీ రిటుక్సిమాబ్ స్వయంగా ఒక ఐజిజి1. రుమటాయిడ్ ఫ్యాక్టర్ చర్య ఉన్న ఈమె ఐజిఎం కప్పా ఆ మందు ఎఫ్‌సి భాగాన్నే పట్టుకుని కొత్త కాంప్లెక్స్‌లను కట్టవచ్చు. అలా జరిగినప్పుడు మందు ఇచ్చిన కొద్ది రోజుల్లో వాస్కులైటిస్ భగ్గుమంటుంది. 1,000 మిల్లీగ్రాముల మోతాదుతో, క్రయోగ్లోబ్యులిన్ ఎక్కువగా, సి4 తక్కువగా ఉన్నవారిలో ఇది జరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. సి4 విలువ 2 ఉన్న రోగికి అలాంటి కాంప్లెక్స్‌ను తొలగించే శక్తి ఎంత మిగిలి ఉంటుందో ఊహించవచ్చు. అందువల్ల పెద్ద మోతాదు వద్దని, స్టెరాయిడ్ పనిచేయడం మొదలయ్యాక శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాముల చొప్పున వారానికోసారి నాలుగు వారాలు ఇవ్వాలని నిర్ణయించాము. హెపటైటిస్ బి ఉపరితల యాంటీజెన్, కోర్ యాంటీబాడీ రెండూ నెగటివ్ అని ముందే చూసుకున్నాము; ఆ వైరస్ నిద్రాణంగా ఉంటే రిటుక్సిమాబ్ తోనూ, హెపటైటిస్ సి మాత్రలతోనూ తిరగబెట్టే ప్రమాదం ఉంది.

మొదటి మోతాదు తరువాత రెండు రోజులకు చీలమండల మీద కొత్త మచ్చలు వచ్చాయి, అప్పటికి 3 ఉన్న సి4 కొలవలేని స్థాయికి పడిపోయింది, క్రియాటినిన్ 1.8కి చేరింది. మందుతో కట్టుకున్న కాంప్లెక్సే కారణమని నేను అనుకుంటున్నాను కానీ, జబ్బు తనంతట తాను ఎగసిన అవకాశాన్ని ఈ ఒక్క పరిశీలనతో తోసిపుచ్చలేను. ఊపిరితిత్తులు, పేగులు, నాడులు బాగానే ఉన్నాయి, మూత్రం పరిమాణం తగ్గలేదు. ప్లాస్మా మార్పిడికి ఏర్పాట్లు సిద్ధంగా ఉంచుకుని వేచి చూశాము. అయిదో రోజుకు మచ్చలు మానుముఖం పట్టాయి, క్రియాటినిన్ దిగడం మొదలైంది. మిగిలిన మూడు మోతాదులూ ఇబ్బంది లేకుండా ముగిశాయి.

ఆ తరువాత

మాత్రలు ముగిసిన 12 వారాలకు హెపటైటిస్ సి ఆర్ఎన్ఏ కనిపించలేదు. ఆరు నెలలకు క్రియాటినిన్ 1.1, మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి 0.5, కొత్త మచ్చలు లేవు, అరికాళ్ల తిమ్మిరి మాత్రం కొంత మిగిలింది. సి3 విలువ 118కి పెరిగింది. అంటే మొదట్లో హద్దు దగ్గర కనిపించిన 84 కూడా ఆమె స్థాయికి తక్కువేనని, సి3 కూడా ఎంతో కొంత ఖర్చవుతూనే ఉండేదని ఇప్పుడు వెనక్కి చూస్తే తెలుస్తోంది.

సి4 అలా కోలుకోలేదు. ఏడాది తరువాత కూడా 7 దగ్గరే ఆగింది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ 90కి దిగింది కానీ పోలేదు, క్రయోక్రిట్ ఆనవాలుగా మిగిలింది. వైరస్ పోయినా బి కణాల సమూహం కొందరిలో కొనసాగుతుందన్నది తెలిసినదే కాబట్టి మళ్లీ రిటుక్సిమాబ్ ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. ముందుగా సి4 జన్యు ప్రతుల సంఖ్య చూడమన్నాను. మనుషుల్లో సి4ఏ, సి4బి అనే రెండు జన్యువుల (పైన చెప్పిన సి4బి ముక్క వేరు) ప్రతులు కలిపి ఎక్కువమందిలో నాలుగు ఉంటాయి, వ్యక్తికీ వ్యక్తికీ తేడా ఉంటుంది. ఈమెకు మూడే ఉన్నాయి, సి4ఏ ఒక్కటే. ఇమ్యూన్ కాంప్లెక్స్‌లలోని ప్రొటీన్‌ల అమైనో సమూహాలకు అతుక్కోవడంలో సి4ఏదే పైచేయి కనుక ఈ లోపం కాంప్లెక్స్‌ల తొలగింపును మొదటి నుంచీ బలహీనపరిచి ఉండవచ్చు. జబ్బు రాకముందు ఆమె సి4 ఎంత ఉండేదో చెప్పే పాత పరీక్ష ఏదీ లేదు, బహుశా అప్పుడు కూడా 10కి అటూ ఇటూగానే ఉండి ఉంటుంది.

7 అనే అంకెకు చికిత్స చేయకూడదని నిర్ణయించాము. మూడు నెలలకోసారి మూత్రపరీక్ష, క్రియాటినిన్, సి3, సి4 చూస్తున్నాము. ఏడాదికోసారి లింఫ్ గ్రంథులు, ప్లీహం పరీక్షించి, సీరం ఎలక్ట్రోఫోరెసిస్ చేయిస్తున్నాము, ఎందుకంటే మిగిలిన బి కణాల సమూహం లింఫోమాగా మారే అవకాశాన్ని విస్మరించలేం. న్యుమోకాకస్ టీకాను బి కణాలు తిరిగి వచ్చాక వేయించాము. సి4 విలువ 7 నుంచి పడిపోయి దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ లేదా ఎర్ర కణాలు పెరిగితే, క్రయోగ్లోబ్యులిన్‌ను మళ్లీ 37 డిగ్రీల దగ్గర తీసి పంపాలని, ఆ ఫలితం వచ్చేదాకా రిటుక్సిమాబ్ మొదలుపెట్టవద్దని ఆమె కేసు కాగితాల మీద రాసి ఉంచాము.